ఏటిగట్టు వాళ్ళం... అహోబిలం ఎక్కాం!

మాది మురమళ్ళ. వృద్ధగౌతమి ఒడ్డున ఉన్న ఊరు. మా వీరేశ్వరస్వామికీ భద్రకాళి అమ్మవారికీ రోజూ సాయంత్రం కల్యాణం జరుగుతుంది. అందుకే మా ఊళ్ళో పెళ్ళి లేని రోజంటూ ఉండదు. పెళ్ళి కుదరని పిల్లల్ని తీసుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. బాజాలు వింటూనే నేను రాత్రి వంటకి ఎసరు పెడతాను. నా పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళలో మేమిద్దరమే, ఇంకెవరూ లేకుండా, ఎక్కడికైనా వెళ్ళిందంటూ లేదు. అన్నవరం వెళ్ళినా, తిరుపతి వెళ్ళినా అత్తగారో, తోడికోడళ్ళో, పిల్లలో, ఆఖరికి పక్కింటి పిన్నిగారో వెంట ఉండాల్సిందే.

ఇంకో సంగతి. మా కోనసీమలో రాయి అనేది పుట్టదు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి తప్ప మరేమీ లేదు. మాకు రాయంటే సన్నికల్లు, రుబ్బురోలు, గుళ్ళో దేవుడు. అంతే! ఇల్లు కట్టుకోవాలంటే కంకర లారీల మీద రావాలి. ఏటిగట్టు ఎక్కడమే మాకు కొండ ఎక్కడం. అలాంటి వాళ్ళం నల్లమలలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాళ్ళ మీద నడిచాం అంటే మా వీధిలో ఇప్పటికీ నమ్మని వాళ్ళున్నారు.

అహోబిలం వెళ్దామన్నది మా అమ్మాయి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. "నాన్న ఏడాదిగా నవ్వడం లేదమ్మా, ఎక్కడికైనా తీసుకెళ్ళు, టిక్కెట్లు నేను తీస్తాను" అంది. నిజమే. మాకు రొయ్యల చెరువుంది. వైట్‌స్పాట్ తగిలి వరసగా రెండు పంటలు పోయాయి. అప్పట్నుంచీ మా వారు భోజనానికి కూర్చున్నప్పుడు "ఊఁ", లేచేటప్పుడు "చాలు" తప్ప మాట్లాడడం మానేశారు. నాతో దెబ్బలాడినా బాగుండునని నాకే అనిపించేది!

వాళ్ళ ఇంటి దైవం నరసింహస్వామి కావడంతో అహోబిలం అనగానే కాదనలేదు. "నవనారసింహులున్నారు కదా, కొండ మీద జ్వాలా నరసింహుడి దాకా నడవాలి, నువ్వు నడవగలవా?" అన్నారు. అంత పెద్ద వాక్యం ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో!

నెల్లాళ్ళ ముందు నుంచే గట్టు మీద నడక మొదలుపెట్టాం. పొద్దున్నే ఎదుర్లంక వైపు వెళ్ళి రావడం. ఆయన ముందు, పది అడుగుల వెనక నేను. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే వరస. నేను చెప్పేది ఆయన వీపుకి చెబుతాను, వీపు వినదు. ఈ పది అడుగుల మాట మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

అమలాపురంలో ఇద్దరికీ కాన్వాసు బూట్లు కొన్నాం. కొండకి కొత్త బూట్లు వేసుకెళ్ళకండి, కనీసం పదిహేను రోజులు ఇంటి దగ్గర తొడుక్కుని తిరిగాకే బయల్దేరండి. నేను బీరువాలో దాచుకుని చివరి రోజు తీశాను. ఎడమ మడమ మీద పొక్కు నెల తర్వాత గానీ మానలేదు. చీర కట్టుకుని ఎక్కడం కష్టమని మా అమ్మాయి తన పాత పంజాబీ డ్రెస్సు ఇచ్చింది. నలభై ఏడేళ్ళ వయసులో మొదటిసారి వేసుకున్నాను. మా వారు ఏమంటారోనని భయపడ్డాను. చూసి, "ఊఁ" అన్నారు.

విజయవాడ వెళ్ళి, గుంటూరు మీదుగా నంద్యాల వెళ్ళే రాత్రి బండి ఎక్కాం. మధ్యలో మంగళగిరి స్టేషను వస్తుంది. కొండ మీద పానకాల స్వామి, నోట్లో పానకం పోస్తే సగం తాగి సగం వెనక్కి ఇచ్చేస్తాడంటారు కదా! కిటికీలోంచి దణ్ణం పెట్టుకుంటూ, 'అహోబిలంలోనూ ఈయనే కదా, స్వామికి పానకం తీసుకెళ్తే?' అనుకున్నాను. ప్రయాణంలో దేనికైనా పనికొస్తుందని అరకిలో బెల్లం, మిరియాలు, యాలకుల పొడి ఎలాగూ తెచ్చాను. ఆ ఆలోచన స్వామే పుట్టించాడో, ఇరవై ఆరేళ్ళ వంటింటి అలవాటే పుట్టించిందో నేను చెప్పలేను.

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం సుమారు 70 కిలోమీటర్లు. దిగువ అహోబిలంలో ఓ సత్రంలో బస చేశాం. ఈ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది, 2022కి ముందు కర్నూలు జిల్లా. దిగువన ప్రహ్లాద వరదుడి గుడి, ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఎగువ అహోబిలం. అక్కడి దాకా రోడ్డుంది. అసలు నడకంతా అక్కణ్ణుంచే మొదలు.

మర్నాడు తెల్లవారుఝామున నాలుగున్నరకి లేచాను. లీటరు నీళ్ళకి నూట యాభై గ్రాముల బెల్లం, నాలుగు మిరియాలు దంచి, యాలకుల పొడి వేసి, వడగట్టి సీసాలో పోశాను. ఇంటి దగ్గర చేసి తెచ్చిన సున్నుండలు, కొబ్బరి లౌజు, వేయించిన అటుకులు ఓ సంచీలో. సత్రం పక్క హోటల్లో వేడి ఇడ్లీలు కట్టించి, "రెండు తినండి" అన్నాను. "దర్శనం అయ్యేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టను" అన్నారు. సరే దేవుడి దగ్గర పట్టింపు కదా అని ఊరుకున్నాను. నేను మాత్రం తిన్నాను. నాకు ఆకలి ఆగదు, స్వామికీ తెలుసు.

ఎగువ గుడిలో ఏడు గంటలకల్లా దర్శనం అయింది. గుహలో వెలసిన ఉగ్రరూపం, ఒడిలో హిరణ్యకశిపుడు. "ఇప్పుడు తినండి" అంటే "జ్వాలా నరసింహుణ్ణి కూడా చూశాక తింటాను" అన్నారు. అప్పుడే గట్టిగా అడగాల్సింది.

గుడి దగ్గర వెదురు కర్రలిస్తారు. చెరొకటి తీసుకోండి, మొహమాటపడకండి. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు ఆ కర్ర విలువ తెలుస్తుంది. నడవలేని వాళ్ళకి డోలీలున్నాయి. దారి చూపడానికి ఓ చెంచు కుర్రాణ్ణి మాట్లాడుకున్నాం. నల్లమల చెంచులకి నరసింహస్వామి అల్లుడు. వాళ్ళ ఆడపడుచు చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కదా! 1958లో వచ్చిన నాగేశ్వరరావు, అంజలీదేవిల 'చెంచులక్ష్మి' చూసిన వాళ్ళకి ఈ కథ చెప్పక్కర్లేదు. ఆ కుర్రాడు మాత్రం కథ చెప్పేటప్పుడు "మా బావ" అన్నట్టే చెప్పాడు స్వామి గురించి. నాకు భలే ముచ్చటేసింది.

దారి భవనాశిని వాగు వెంటే పోతుంది. మాఘమాసం కాబట్టి నీళ్ళు పలచగా ఉన్నాయి. మొదట క్రోడ నరసింహుడు, అంటే వరాహ నరసింహస్వామి. అక్కడి దాకా ఫరవాలేదు. తర్వాత వాగులోనే నడవాలి. మంచం అంత, ఎడ్లబండి అంత, కొన్ని చోట్ల మా వంటిల్లు అంత బండలు! పలకలు పలకలుగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. మన వంటింటి గట్టుకి వేయించుకునే బేతంచెర్ల బండలు కూడా ఈ జిల్లావే. పాలిష్ పట్టిన బండ మీద చపాతీలు వత్తడమే తెలుసు గానీ, పాలిష్ పట్టని బండ మోకాలికి ఎలా తగులుతుందో ఆ రోజే తెలిసింది.

మట్టి మీద నడక వేరు, రాయి మీద నడక వేరు. మట్టి మీద కళ్ళు ఎక్కడో పెట్టుకుని నడవొచ్చు. రాయి మీద ప్రతి అడుగూ చూసి వెయ్యాలి. కదిలే రాయా కాదా అని ముందు కర్రతో పొడిచి, తర్వాత కాలు పెట్టాలి. తడి రాయి, నాచు పట్టిన రాయి పైకి ఒకలాగే ఉంటాయి. ఒకళ్ళు ముందు ఎక్కి, వెనక్కి తిరిగి, రెండో వాళ్ళకి చెయ్యందివ్వాలి. ఇక్కడ పది అడుగుల దూరం కుదరదు. మొదటిసారి మా వారు ఆగి చెయ్యిచ్చినప్పుడు నాకు సిగ్గేసింది కూడా. ఆ చెంచు కుర్రాడు చూస్తున్నాడాయె!

కొండల్లో మెట్లు కట్టించడమంటే మాటలు కాదు. కొండవీటి రెడ్డిరాజుల్లో ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో అహోబిలానికీ శ్రీశైలానికీ మెట్లు కట్టించాడు. ఆయన ఆస్థానంలోని ఎఱ్ఱాప్రెగడే నృసింహపురాణం రాశాడు. ఇంటర్‌లో తెలుగు మాస్టారు చెప్పినప్పుడు మార్కుల కోసం బట్టీ పట్టాను. ఇక్కడ మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు ఆ రాజు మీద నిజమైన గౌరవం కలిగింది. మెట్ల పక్కన ఇనుప కమ్మీలు ఇప్పటి వాళ్ళు వేసినవే, వాళ్ళకీ ఓ దణ్ణం.

జ్వాలా నరసింహుడి దగ్గరికి ఇంకో అరగంట ఉందనగా మా వారు ఆగిపోయారు. "నీళ్ళు తాగండి" అన్నాను. "నీ గోల నువ్వు చూసుకో!" అని కసిరారు. నేను బిత్తరపోయాను. మౌనంగా ఉండడం తెలుసు గానీ, పరాయి మనిషి ముందు నన్ను కసిరిన మనిషి కాదాయన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం వచ్చి ముఖం తిప్పుకోబోయి, ఆయన చేతిలో కర్ర చూశాను. కర్ర వణుకుతోంది. ఆ చలిలో చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. "ఎటు వెళ్ళాలి?" అని అడిగారు. దారి ఎదురుగా కనిపిస్తూనే ఉంది.

అప్పుడు వెలిగింది నాకు. "ఏవండీ, పొద్దున్న మాత్ర వేసుకున్నారా?"

తల ఊపారు.

మా వారికి షుగరుంది. టిఫినుకి ముందు ఓ మాత్ర వేసుకుంటారు. దేవుడి కోసం ఇడ్లీ మానేశారు గానీ, అలవాటు చొప్పున అయిదింటికే మాత్ర మింగేశారు! మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా మూడు గంటలు కొండ ఎక్కారు. నేనేమో సున్నుండల సంచీ మోసుకుంటూ వెనకాలే నడుస్తున్నాను.

కూర్చోబెట్టాం. కుర్రాడు వీపు పట్టుకుని, "ఏం కాదులేమ్మా, భయపడాకు" అంటున్నాడు. సున్నుండ తీయబోయాను. చెయ్యి సీసా మీద పడింది. పానకం! స్వామికని చేసింది, ఎంగిలి చెయ్యకూడదు అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చిన మాట నిజం. ఒక్క క్షణమే. గ్లాసు నిండా పోసి చిన్నపిల్లాడికి పట్టినట్టు కొద్దికొద్దిగా పట్టాను. పది పదిహేను నిమిషాలకి వణుకు తగ్గింది. ఇంకో అరగ్లాసు. తర్వాత చల్లారిన ఇడ్లీలు నాలుగూ తిన్నారు. చెమట ఆరింది. "ఏమైంది నాకు?" అన్నారు, మామూలు గొంతుతో.

తిరిగొచ్చాక మా డాక్టరుగారిని అడిగితే వివరంగా చెప్పారు. షుగరు మాత్రలన్నీ ఒక రకం కాదు. కొన్ని రకాల మాత్రలు క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మనం తిన్నామా లేదా అన్నది ఆ మాత్రకి అక్కర్లేదు, దాని పని అది చేసుకుపోతుంది. పైగా కొండ ఎక్కుతుంటే కండరాలు రక్తంలో చక్కెరని గబగబా వాడేసుకుంటాయి. రెండూ కలిస్తే షుగరు బాగా పడిపోతుంది. చెమట, వణుకు, గుండె దడ, ఆకలి, చూపు మసకబారడం, అయోమయం, అకారణంగా కోపం. అవునండీ, కోపం కూడా ఒక లక్షణమే! అలా జరిగితే వెంటనే మూడు చెంచాల పంచదారో, గ్లూకోజో, అంత బెల్లమో నీళ్ళలో కలిపి తాగించాలి. పావుగంట చూసి తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్నాక అన్నమో టిఫినో పెట్టాలి. సున్నుండ లాంటివి అప్పటికి పనికిరావు. నెయ్యి, పప్పు ఉండడం వల్ల వాటిలోని తీపి రక్తంలోకి చేరడం ఆలస్యం అవుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే. ఉపవాసం ఉండదలిస్తే, దూరం నడవదలిస్తే ఆ రోజు మాత్ర ఎంత, ఎప్పుడు అన్నది ముందుగానే డాక్టరుని అడగాలి. మనంతట మనం మానెయ్యకూడదు, అలాగని ఖాళీ కడుపున మింగనూ కూడదు. మన ఇళ్ళల్లో శనివారాలు, ఏకాదశులు చేసే షుగరు వాళ్ళు ఎంతమంది! అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ బండ మీద ముప్పావుగంట పైనే కూర్చున్నాం. కుర్రాడు కాస్త దూరంగా వెళ్ళి బీడీ వెలిగించుకున్నాడు. కింద వాగు చప్పుడు. నా చెయ్యి ఇంకా ఆయన మణికట్టు మీదే ఉంది, నాడి చూసే వైద్యుడిలా.

"నీ గొలుసు విడిపించలేదు" అన్నారు ఉన్నట్టుండి.

నా నాలుగు పేటల గొలుసు చెరువు కోసమే బ్యాంకులో పెట్టాం. మొదటి పంట మీద విడిపిస్తానన్నారు. విడిపించలేదు సరికదా, వడ్డీ మాత్రం కట్టి మళ్ళీ తిరగరాశారు. "బ్యాంకు లాకర్లో ఉంది" అని నాతో చెప్పారు.

"తెలుసు. బీరువాలో చొక్కాల కింద రసీదు చూశాను."

"మరి అడగలేదేం?"

"మీరు చెబుతారని."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మొదలుపెట్టారు. మేతకి ఎంత బాకీ, ఏరియేటర్లకి ఎంత, మూడో పంట వెయ్యాలని ఎవరు ఎగదోస్తున్నారు, వెయ్యకపోతే ఎంత మిగులుతుంది, వేస్తే ఎంత మునుగుతాం... నేను వేలు మడిచి లెక్క కడుతూ కూర్చున్నాను. ఇంటి ఖర్చు పుస్తకం రాసేది నేనే కాబట్టి అంకెలు నాకు భయం లేదు. ఏడాది పాటు మా ఇంట్లో, రెండు గదుల్లో చెప్పుకోని మాటలన్నీ నల్లమల అడవిలో కోతులు వింటుండగా చెప్పుకున్నాం. మూడో పంట మనం వెయ్యొద్దు, చెరువు లీజుకి ఇచ్చేద్దాం అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు.

మెల్లగా లేచి జ్వాలా నరసింహుడి దగ్గరికి వెళ్ళాం. ఈసారి ముందు నేను, వెనక ఆయన. నా వేగం ప్రకారమే నడవాలని షరతు పెట్టాను. కొండ చరియ కిందుగా సన్నటి దారి, పై నుంచి జలపాతం ధార మన మీద చిలకరిస్తూ పడుతుంది. హిరణ్యకశిపుణ్ణి సంహరించింది ఇక్కడేనట. స్వామి చేతులు కడుక్కున్నది అని ఓ గుంట చూపిస్తారు, రక్తకుండం అంటారు. నీళ్ళు ఎర్రగా కనిపిస్తాయి, దోసిట్లోకి తీసుకుంటే తెల్లగానే ఉంటాయి. మిగిలిన పానకం స్వామికి నివేదన చేయించాను. మా వారు తాగగా మిగిలిందే. ఏం చెయ్యను, వేరే లేదు! అలా పెట్టకూడదని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. నేను వాదించను.

ఉగ్రస్తంభం మాట చెప్పాలి. స్వామి స్తంభం చీల్చుకుని వచ్చిన చోటు అదేనంటారు. దూరం నుంచి చూస్తే కొండ నిలువునా చీలినట్టు ఉంటుంది. జ్వాల దారి నుంచే దానికి దారి చీలుతుంది. అంతా నిటారుగా, రాళ్ళు పట్టుకుని, చెట్ల వేళ్ళు పట్టుకుని ఎక్కాలి. మా వారికి అది ఎక్కాలని పట్టుదల. "ఇంత దూరం వచ్చి..." అన్నారు. అప్పటికి పదకొండు దాటింది. ఆయన ఒంట్లో పొద్దుటి సంగతి అయి రెండు గంటలన్నా కాలేదు. నేను బండ మీద కూర్చుని, "మీరు వెళ్తే నేనిక్కణ్ణుంచి కదలను" అన్నాను. ఇరవై ఆరేళ్ళలో నేను అలా అనడం అదే మొదలు. ఆయన పైకి చూశారు, నన్ను చూశారు, మళ్ళీ పైకి చూశారు. కర్ర రెండుసార్లు రాతి మీద తాటించి, వెనక్కి తిరిగారు. నాకు సంతోషమూ వేసింది, పాపం అనీ అనిపించింది.

తిరుగు దారిలో మాలోల నరసింహుణ్ణి చూశాం. ఇక్కడ స్వామి లక్ష్మీదేవితో శాంతంగా ఉంటాడు. అక్కడికి దగ్గర్లోనే ప్రహ్లాదుడి బడి. బండ మీద గీతలు గీతలుగా ఉంటే, ప్రహ్లాదుడు రాసుకున్న అక్షరాలంటారు. నున్నటి బండ, పైన నీళ్ళు జారుతుంటాయి, జాగ్రత్త. నేను అక్కడే జారి కూర్చుండిపోయాను, మోకాలు దోక్కుపోయింది. మా వారు పరిగెత్తుకొచ్చి లేవదీసి, దెబ్బ తగల్లేదని చూసుకున్నాక పకపకా నవ్వారు. మా అమ్మాయికి ఫోన్లో ఈ మాటే ముందు చెప్పాను.

దిగడం ఎక్కడం కంటే కష్టం సుమండీ. మోకాళ్ళు వణుకుతాయి. నిటారు చోట పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగితే నయం. ఎగువ అహోబిలం చేరేసరికి మూడున్నర. ఎండ ముదరక ముందే బయల్దేరి, చీకటి పడక ముందే దిగిపోవాలి, అడవి దారి కదా. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తక్కువ కాకుండా ఉండాలి. తిండి సంచీ కోతులకి కనపడనివ్వకండి. మా కొబ్బరి లౌజు మొత్తం ఒక కోతే తిన్నది. షుగరు ఉన్న వాళ్ళ జేబులో గ్లూకోజు పొట్లమో, బెల్లం ముక్కలో వాళ్ళ దగ్గరే ఉండాలి. వెనక నడిచే భార్య సంచీలో ఉంటే చాలదు.

ఇంటికొచ్చిన రెండు నెలలకి చెరువు లీజుకి ఇచ్చేశాం. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది, ఈసారి రసీదు మాత్రం నా పోపుల డబ్బా వెనక ఉంది. వెదురు కర్రలకి డబ్బులిచ్చి తెచ్చేసుకున్నాం. పొద్దున్నే గట్టు మీదికి వెళ్ళేటప్పుడు కుక్కల కోసమని ఆయన ఒకటి పట్టుకుంటారు. ఓ పది అడుగులు ముందుకి వెళ్ళి, కర్ర నేలకి ఆన్చి ఆగుతారు. "వస్తున్నావా?" అంటారు, వెనక్కి తిరిగి. వచ్చే మాఘమాసంలో ఉగ్రస్తంభం ఎక్కుదామంటున్నారు. ఇడ్లీ తిని ఎక్కేటట్టయితేనే అన్నాను.